నెలనెలా మందులు కొనే దీర్ఘకాలిక రోగులు ప్రభుత్వ సాయం పొందడం ఎలా?

రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, థైరాయిడ్, మూర్ఛ, ఆస్తమా వంటి జబ్బులకు చాలామంది ఏళ్ల తరబడి, తరచుగా జీవితాంతం మందులు వాడవలసి వస్తుంది. ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చు అందరి కంటికీ కనిపిస్తుంది, చుట్టాలు కూడా ఎంతో కొంత ఆదుకుంటారు. ప్రతి నెలా మందుల షాపులో కట్టే బిల్లు మాత్రం ఆ ఇంటివారికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ బిల్లును తగ్గించే ప్రభుత్వ సాయం ఉంది. అయితే అది ఒకే పథకంగా, ఒకే కార్యాలయంలో దొరకదు. కొంత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, కొంత జన ఔషధి కేంద్రంలో, కొంత ఉద్యోగం ద్వారా, కొంత పింఛను రూపంలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఉండేవారు దీనిని ఏ వరుసలో అడగాలో, ఎక్కడ ఏ కాగితం చూపాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఆరోగ్యశ్రీ కార్డుతో ఏమి వస్తుంది, ఏమి రాదు

అన్నిటికంటే ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే నెలవారీ మాత్రలు కూడా ఉచితంగా వస్తాయని చాలామంది అనుకుంటారు, రావని తెలిశాక పథకం మొత్తం వృథా అని పక్కన పెట్టేస్తారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోను, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతోను నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి దీనిలో ప్రత్యేక కార్డు ఇస్తున్నారు. ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఉద్దేశించినవి. ఓపీలో డాక్టరును చూపించుకుని రాయించుకున్న బీపీ మాత్రలకు, షుగరు మాత్రలకు వీటి నుంచి డబ్బు రాదు.

అయినా ఈ పథకాల అంచుల్లో మందులకు సంబంధించిన సాయం కొంత ఉంది, దానిని వదులుకోకూడదు. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకు అయ్యే మందుల ఖర్చు ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. ఆరోగ్యశ్రీలో కూడా డిశ్చార్జి సమయంలో కొన్ని రోజులకు సరిపడా మందులు ఇవ్వాలి. అంతకంటే ముఖ్యమైనది ఫాలో అప్ ప్యాకేజీ. కొన్ని ఎంపిక చేసిన చికిత్సల తరువాత ఏడాది పాటు డాక్టరు సంప్రదింపు, పరీక్షలు, మందులు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఆరోగ్యశ్రీలో ఉంది. గుండెకు ఆపరేషన్ జరిగినవారు, మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు, ఇంకా ఏ పెద్ద చికిత్స తీసుకున్నవారైనా సరే, ఆసుపత్రి వదలకముందే అక్కడి ఆరోగ్యమిత్రను, అంటే పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగిని కలిసి తమ చికిత్సకు ఫాలో అప్ ఉందా, ఉంటే మొదటి తేదీ ఎప్పుడు అని అడిగి డిశ్చార్జి సమ్మరీ మీద రాయించుకోవాలి. ఎవరూ పిలిచి చెప్పరు. అడిగినవారికి అందుతుంది, అడగనివారు బయట కొనుక్కుంటారు.

మందుల చీటీని ముందు సరిచేయించుకోవాలి

ఏ సాయం పొందాలన్నా మందు అసలు పేరు తెలిసి ఉండాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌ను వెలుతురులో తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు. దాని పైనో కిందో చిన్న అక్షరాల్లో టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు అని ఉండేది మందు పేరు, మోతాదు. కొన్నిటికి పేరు పక్కన ఎస్ఆర్ అనో ఈఆర్ అనో ఉంటుంది. అంటే మందు ఒంట్లోకి నెమ్మదిగా విడుదలయ్యే రకం. మామూలు మెట్‌ఫార్మిన్ బిళ్ళకూ ఈ రకానికీ తేడా ఉంది కాబట్టి ఆ రెండు అక్షరాలు కూడా రాసుకోవాలి. వాడుతున్న మందులన్నిటినీ ఇలా ఒక కాగితం మీద పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, స్ట్రిప్ ధర అన్న వరుసలో రాస్తే నెల ఖర్చులో ఎక్కువ భాగం ఏ ఒకటి రెండు మందుల వల్ల అవుతోందో తేలిపోతుంది. సాయం వెతకవలసింది ముందు వాటికే.

తరువాత డాక్టరును అడిగి చీటీ మీద జనరిక్ పేర్లు, అంటే బ్రాండు పేర్లు కాక మందుల అసలు పేర్లు రాయించుకోవాలి. మందులను జనరిక్ పేర్లతో, స్పష్టంగా చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల వృత్తి నియమావళికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. కాబట్టి ఇది మొహమాటపడవలసిన కోరిక కాదు. ఇలా అడగడానికి మరో బలమైన కారణం ఉంది. చీటీ మీద బ్రాండు పేరు ఉన్నప్పుడు, డాక్టరు చీటీ తప్పనిసరి అయిన షెడ్యూల్ హెచ్ మందులలో ఒకదాని బదులు మరొకటి ఇవ్వడానికి ఔషధ నిబంధనలు మందుల షాపువారిని అనుమతించవు. జనరిక్ పేరు ఉంటేనే చౌక మందు ఎంచుకునే వీలు రోగికి దక్కుతుంది.

రెండు మూడు మందులు కలిపి చేసిన ఒకే బిళ్ళ వాడుతున్నవారు, అదే మోతాదులో విడివిడి బిళ్ళలుగా రాయవచ్చునా అని కూడా అడగాలి. కలిపిన బిళ్ళ ప్రభుత్వ కేంద్రంలో లేకపోయినా విడి బిళ్ళలు ఉండే అవకాశం ఎక్కువ. మూర్ఛ మందుల విషయంలో మాత్రం డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకూడదు. థైరాయిడ్ మందు కంపెనీ మార్చినవారు ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఉచితంగా ఇచ్చేచోట పేరు నమోదు

బీపీ, షుగరు మందులకు మొదట వెళ్లవలసింది దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. తెలంగాణ నగరాల్లో, పట్టణాల్లో బస్తీ దవాఖానాలు, పల్లెల్లో ఉపకేంద్రాలు కూడా ఇదే పని చేస్తాయి. అసంక్రమిత వ్యాధుల (ఎన్‌సీడీ), అంటే ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల నివారణకు 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు. జబ్బు ఉందని తేలినవారి పేరు నమోదు చేసుకుని మందులు ఇస్తారు. 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో దేశంలోని ఐదు రాష్ట్రాలను ఎంపిక చేయగా వాటిలో తెలంగాణ ఒకటి. ఆ పద్ధతిలో రోగికి ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు ఇవ్వాలన్నది ముఖ్యమైన సూత్రం.

ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నవారు తమకు ఇక్కడ మందులు ఇవ్వరని అనుకుంటారు. అది నిజం కాదు. ఆధార్ కార్డు, పాత చీటీ, ఇటీవలి పరీక్షల కాగితాలు తీసుకుని వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. అక్కడి వైద్యాధికారి స్వయంగా బీపీ, షుగరు చూసి తమ చీటీ మీద మందులు రాస్తారు. ప్రైవేటు చీటీలోని మందు వారి దగ్గర లేకపోతే అదే తరగతికి చెందిన మరో మందు రాయవచ్చు. ఉదాహరణకు ఓల్మెసార్టన్ వాడుతున్నవారికి టెల్మిసార్టన్ ఇవ్వడం అసాధారణం కాదు. అలా మార్చినప్పుడు రెండు మూడు వారాల్లో మళ్లీ బీపీ చూపించుకోవాలి. 14 అంకెల ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే పెద్ద ఆసుపత్రుల్లో ఓపీ నమోదు ఫోనుతోనే త్వరగా అవుతుంది, లేకపోయినా మందులు ఆపరు.

మందుల నిల్వ అయిపోయిందన్న మాట వినిపించడం ఈ వ్యవస్థలో ఉన్న అసలు ఇబ్బంది. దీనికి పూర్తి విరుగుడు రోగి చేతిలో లేదు కాని, కొంత మేలు చేసేది ఒకటుంది. ఏ కేంద్రానికి ఎన్ని మాత్రలు కావాలో లెక్క వేసేటప్పుడు అక్కడ నమోదైన రోగుల సంఖ్యను చూస్తారు. నమోదు కాకుండా అప్పుడప్పుడు వచ్చి అడిగేవారు ఆ లెక్కలోకి రారు. కనుక పేరు తప్పకుండా రిజిస్టరులో ఎక్కించుకోవాలి, ప్రతి నెలా ఒకే కేంద్రానికి వెళ్లాలి, చేతిలో ఇంకా నాలుగైదు రోజుల మాత్రలు ఉండగానే వెళ్లాలి. లేని మందు పేరును చీటీ మీద రాయించుకుంటే ఏరియా ఆసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోని ఎన్‌సీడీ క్లినిక్‌లోనో అడగవచ్చు. ఇన్సులిన్ వంటివి చిన్న కేంద్రాల్లో దొరకకపోయినా అక్కడ దొరకవచ్చు. నడవలేని పెద్దవారి సంగతి ఏఎన్ఎంకు గాని ఆశా కార్యకర్తకు గాని చెప్పి ఉంచాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఊరికి వచ్చే 104 సంచార వైద్య వాహనం తేదీ కూడా వారి దగ్గరే తెలుస్తుంది.

జన ఔషధి కేంద్రం

ఉచితంగా దొరకని మందులను చౌకగా కొనడానికి ఉన్న మార్గం ఇది. 2008లో మొదలైన ఈ పథకం ఇప్పుడు ప్రధానమంత్రి భారతీయ జన ఔషధి పరియోజన పేరుతో నడుస్తోంది. బ్రాండు మందులతో పోలిస్తే ధర సాధారణంగా 50 నుంచి 80 శాతం వరకు తక్కువ. ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు అక్కరలేదు, ఎవరైనా కొనవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్ మీద పేటెంట్, అంటే కనిపెట్టిన కంపెనీకి ఉన్న ప్రత్యేక హక్కు, 2022లో ముగిసింది. ఆ ఏడాది సెప్టెంబరులో జన ఔషధిలో 50 మిల్లీగ్రాముల పది బిళ్ళలను 60 రూపాయలకు తెచ్చారు. అప్పటికి బయట బ్రాండ్ల ధర 160 రూపాయల పైనే ఉంది. రోజుకు ఒక బిళ్ళ వేసుకునేవారికి ఏడాదికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు.

నాణ్యత మీద సందేహం చాలామందికి ఉంటుంది, ఉండడం సహజమే. ఈ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్పత్తి ప్రమాణాలకు తగిన ధ్రువీకరణ ఉన్న తయారీదారుల నుంచి కొని, ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. అయినా అనుమానం తీరనివారు మందు మార్చిన నెలలో బీపీ, షుగరు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకుని ఆ అంకెలను డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది. ఊహ మీద ఆధారపడి ఖరీదైన మందుకు తిరిగి వెళ్లడం కంటే అది నయం.

వెళ్లే ముందు ఫోనులో జన ఔషధి సుగమ్ యాప్ వేసుకుని, అందులో మందు పేరుతో వెతికితే ధర, దగ్గరలోని కేంద్రం తెలుస్తాయి. నిల్వ ఉందో లేదో మాత్రం కేంద్రానికి ఫోను చేసి అడగడమే ఉత్తమం. చిన్న ఊళ్లలో ఒక నెల ఉన్న మందు మరుసటి నెల ఉండకపోవచ్చు, కాబట్టి నెలనెలా కావలసిన మందుల జాబితాను అక్కడివారికి ముందే ఇచ్చి తెప్పించమని చెప్పవచ్చు. క్యాన్సర్, గుండె జబ్బుల ఖరీదైన మందులకు కొన్ని పెద్ద ఆసుపత్రుల ఆవరణలో 2015 నుంచి నడుస్తున్న అమృత్ ఫార్మసీలు కూడా ఉన్నాయి, అక్కడ బ్రాండు మందులే తగ్గింపు ధరకు ఇస్తారు.

ఈ రెండు చోట్లా దొరక్క మామూలు షాపులోనే కొనవలసి వచ్చినా ప్రభుత్వ రక్షణ కొంత ఉంది. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో 384 మందులు ఉన్నాయి. వాటికి జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఇన్సులిన్ గ్లార్జిన్, టెనెలిగ్లిప్టిన్ అప్పుడే ఈ జాబితాలో చేరాయి. జాబితాలో లేని మందుల ధరను ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. అంతకు మించి వసూలు చేశారనిపిస్తే బిల్లు చేతిలో పెట్టుకుని ఆ సంస్థ ఉచిత నంబరు 1800 111 255కు ఫిర్యాదు చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్ని ప్రాణరక్షక మందులకు పూర్తిగా ఎత్తివేశారు. పేటెంట్లు ముగిసినప్పుడు కూడా ధరలు పడిపోతాయి. 2025 మార్చిలో షుగరు మందు ఎంపాగ్లిఫ్లోజిన్ విషయంలో అదే జరిగింది. పాత చీటీతో అదే బ్రాండు ఏళ్ల తరబడి కొంటూ పోయేవారికి ఈ తగ్గుదల అందదు, అందుకే ఏడాదికి ఒకసారైనా చీటీని డాక్టరు ముందు పెట్టి, ఇదే మందు ఇప్పుడు చౌకగా ఉందా అని అడగాలి.

జబ్బును బట్టి వచ్చే సాయం

కొన్ని జబ్బులకు మందులు పూర్తిగా ప్రభుత్వమే ఇస్తుంది, వాటిని కొనవలసిన పనే లేదు. క్షయకు మందులతో పాటు పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఇస్తారు, ఇది 2024 నవంబరు వరకు 500 ఉండేది. హెచ్ఐవీకి 2004 నుంచి ఏఆర్‌టీ కేంద్రాల్లో, హెపటైటిస్ బి, సి జబ్బులకు 2018 నుంచి ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. పేద కుటుంబాల వారికి జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్ చేసే జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది. అరుదైన జన్యు వ్యాధులకు 2021 జాతీయ విధానం కింద 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. మన ప్రాంతంలో దాని కేంద్రం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థల ఉమ్మడి ఆధ్వర్యంలో ఉంది, దరఖాస్తు అక్కడి నుంచే వెళ్లాలి.

పింఛను సంగతి వేరు. అది మందుల పేరుతో ఇచ్చే డబ్బు కాకపోయినా, ఆచరణలో చాలా ఇళ్లలో మందులకే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి డయాలసిస్ చేయించుకుంటున్న వారికి నెలకు 10,000 రూపాయలు, పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల పింఛను మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోను, తెలంగాణలో మండల పరిషత్ లేదా మున్సిపల్ కార్యాలయంలోను అడగాలి. ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం దగ్గర ఉంచుకోవాలి.

తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారు తాము వికలాంగుల చట్టం పరిధిలోకి వస్తామని తరచుగా ఎరగరు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇవి ఉన్నాయి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి స్లాట్ తీసుకుని పరీక్ష చేయించుకుంటే వచ్చే ధ్రువపత్రం పింఛనుకు, పన్ను మినహాయింపుకు, ప్రయాణ రాయితీలకు ఆధారమవుతుంది.

ఉద్యోగం ద్వారా వచ్చే హక్కు

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమాకు) కోత పడుతున్నవారు, వారి మీద ఆధారపడినవారు ఈఎస్ఐ డిస్పెన్సరీలో ఓపీ మందులు ఉచితంగా పొందవచ్చు. నా ఉద్దేశంలో నెలవారీ మందులు కొనేవారికి ఉన్న అతి మంచి హక్కు ఇదే, అతి తక్కువగా వాడుకుంటున్నదీ ఇదే. కోత పడుతోందని జీతం చీటీలో చూసి కూడా కార్డు తీసుకోనివారు ఎందరో ఉన్నారు. క్యాన్సర్, క్షయ వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు, తగినంత సర్వీసు ఉన్నవారికి, రెండేళ్ల వరకు వేతనంలో 80 శాతం చెల్లించే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగించుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) వెల్‌నెస్ కేంద్రాలు ఉన్నాయి. అవి లేని ఊళ్లలో స్థిరపడిన పింఛనుదారులు ఓపీ వైద్యానికి బదులుగా నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం ఎంచుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు ఖైరతాబాద్ వంటి చోట్ల ఉన్న వెల్‌నెస్ కేంద్రాల్లో మందులు ఇస్తారు.

చివరికి మిగిలే ఖర్చు మీద పన్ను మినహాయింపు

ఆదాయపు పన్ను కట్టేవారు పాత పన్ను విధానంలో ఉంటేనే ఇది వర్తిస్తుంది. 1961 చట్టంలో 80 డీడీబీగా తెలిసిన నిబంధన కింద క్యాన్సర్, దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం, హీమోఫీలియా, తలసీమియా, పార్కిన్సన్స్ వంటి నిర్దిష్ట జబ్బుల చికిత్సకు పెట్టిన ఖర్చులో 40,000 రూపాయల వరకు, రోగి వయసు 60 దాటితే లక్ష రూపాయల వరకు ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. నాడీ సంబంధ జబ్బులకు వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. బీపీ, షుగరు ఈ జాబితాలో లేవు. అయితే ఆరోగ్య బీమా లేని 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల మందులకు పెట్టిన ఖర్చును 80 డీ కింద 50,000 రూపాయల వరకు చూపవచ్చు. దానికి నగదుగా కట్టిన బిల్లులు చెల్లవు, ఫోను ద్వారా గాని కార్డు ద్వారా గాని చెల్లించి, రోగి పేరుతో బిల్లు తీసుకోవాలి. 80 డీడీబీకి సంబంధిత నిపుణుడైన డాక్టరు ఇచ్చే చీటీలో రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టరు పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రిటర్ను వేసే సమయంలో హడావుడి పడకుండా ఏడాది మధ్యలో మామూలు పరీక్షకు వెళ్లిన రోజునే దానిని రాయించి పెట్టుకోవడం సులువు.